క్రొత్త ఆటకు సెలవడుగు బిడ్డ

(కుటుంబ పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 27:1–7, 36:1–12, ఎఫెసీ 6:1–4, 1 కొరింథీ 9:24–27.



మన పల్లెలలోని కుటుంబములు అనేకములు బ్రతుకుతెరువు కొరకు విజయవాడ రోడ్డు పట్టి హైదరాబాదు చేరియున్నవి. ఆ దారిన పోవు మనవారిలో చాలమంది బస్సు దిగు చోటు ఎల్‌బీ నగర్ చౌరస్తా. అక్కడ కొందరు తాపీ పని చేయుచున్నారు, కొందరు ఆటో నడుపుచున్నారు. మన సహోదరీలలో కొందరు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో వంట చేయుచున్నారు. వారిని చూచుటకు నేను నెలకొకసారి వెళ్ళి, ఒక యింట గృహప్రార్థన జరుపుచుందును. ఈ నెల పాఠము అట్టి యిండ్లలో ఒకదానిలో పుట్టినది. ఆ కుటుంబమువారి సమ్మతితోనే వ్రాయుచున్నాను గాని వారి పేర్లు వ్రాయను.

సంగతి ఇది. ఆ యింటి తండ్రి తాపీ మేస్త్రి. తల్లి హాస్టలులో వంట చేయునది. పెద్ద కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచుండెను. గత వానకాలములో ఒక సాయంకాలము తల్లికి బిడ్డ పుస్తకముల సంచిలో చెమటకు తడిసిన రెండు పొడవైన గుడ్డ పట్టీలు కనబడెను. ఇవి ఏమిటని అడుగగా బిడ్డ మొదట మాట దాటవేసెను. తరువాత ఏడ్చుచు నిజము చెప్పెను. రెండు నెలలుగా ట్యూషనని చెప్పి ఆమె వెళ్ళుచున్నది ట్యూషనుకు కాదు, బాక్సింగు నేర్చుకొనుటకు. ట్యూషను కొరకని తీసికొన్న సొమ్ము అక్కడ కట్టుచున్నది. ఆ పట్టీలు గ్లౌజుల లోపల చేతులకు చుట్టుకొనునవి.

ఆ రాత్రియే తండ్రి నాకు ఫోను చేసెను.

“అయ్యగారూ, మా బిడ్డ మొగపిల్లల లెక్క గుద్దులాటకు పోతున్నదట. మాకు అబద్ధం చెప్పింది. ఏం చెయ్యమంటరు?”

నేను ఆలోచింపలేదు, ప్రార్థింపలేదు. “మాన్పించండి. ఆడపిల్లకు అదేమి ఆట?” అని చెప్పి ఫోను పెట్టివేసితిని. ఒక బిడ్డ సంగతి అర నిమిషములో తీర్పు తీర్చి నెమ్మదిగా నిద్రపోతిని. మరునాటి ఉదయము నేను వరుసగా చదువుకొనుచున్న భాగము సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయము. అది చదివిన తరువాత నాకు నెమ్మది లేకపోయెను. ఆ భాగమును ఇప్పుడు కలిసి ధ్యానింతము.

1. ఎదుటికి వచ్చి అడిగిన కుమార్తెలు

సెలోపెహాదునకు కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు కుమార్తెలు మాత్రమే యుండిరి. తండ్రి అరణ్యములో చనిపోయెను. భూమి పంచునప్పుడు కుమారులు లేని ఆ యింటికి భాగము రాదు, తండ్రి పేరు మాసిపోవును. అంతవరకు ఏ కుమార్తెయు అడుగని దానిని వీరు అడుగవలసివచ్చెను.

వారు ఎట్లు అడిగిరో గమనించుడి. గుడారములలో కూర్చుండి సణుగలేదు. ఒకరికి తెలియకుండ ఒకరు ఏదియు చేయలేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు, మోషే యెదుటికి, యాజకుడైన ఎలియాజరు యెదుటికి, సమాజమంతటి యెదుటికి వచ్చి నిలిచిరి. తమ తండ్రి కోరహు సమూహములో చేరినవాడు కాడని చెప్పి, పెద్దలకు కలుగగల అనుమానమునకు ముందుగానే జవాబిచ్చిరి. ఆ తరువాతనే తమ కోరిక తెలిపిరి.

మోషే ఏమి చేసెనో అదియు గమనించుడి. ఇట్టిది మనలో ఎన్నడును లేదని అతడు వారిని పంపివేయలేదు. సరేయని తొందరపడి చెప్పనులేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. దేవుడు ఆ కుమార్తెల మాట న్యాయమైనదనెను.

ఆ దైవజనుడు దేవుని సన్నిధికి తీసికొనిపోయిన ప్రశ్న వంటిదానినే నేను ఫోనులోనే ముగించితిని. నన్ను గద్దించిన సంగతి ఇదియే.

2. అడిగిన బిడ్డ, దాచిన బిడ్డ

మన దేశమునకు బాక్సింగులో పేరు తెచ్చిన ఇద్దరు స్త్రీల సంగతి ఇచ్చట చెప్పుట మంచిది. ఇద్దరి యిండ్లలోను ఇదే చిక్కు కలిగెను.

మొదటి ఆమె మన తెలంగాణ బిడ్డ నిఖత్ జరీన్. 1996లో నిజామాబాదులో పుట్టెను. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ స్వయముగా ఆటగాడు. మొదట ఆయనయే ఆమెకు పరుగు పందెములలో తర్ఫీదు ఇచ్చుచుండెను. మైదానములో బాక్సింగు చేయువారందరు మగపిల్లలే యుండుట చూచి, ఈ ఆట ఆడపిల్లలు ఎందుకు ఆడరని ఆమె తండ్రినే అడిగెను. ఆయన ఆ ప్రశ్నను త్రోసివేయక ఆమెను ఆ ఆటలో చేర్పించెను. ఆమె వేసికొను ఆట దుస్తులను గూర్చి బంధువులు గొణిగిరి. దెబ్బలు తగిలిన ముఖము చూచి తల్లి, ఈ పిల్లను ఇక ఎవరు పెండ్లాడుదురని కన్నీరు విడిచెను. ఆ తల్లిని మనము తప్పుపట్టరాదు. మన యిండ్లలోని తల్లులందరి భయమును ఆమె పైకి చెప్పినది. 2011లో నిఖత్ జూనియర్ ప్రపంచ పోటీలో గెలిచెను. 2017లో భుజమునకు గట్టి దెబ్బ తగిలి చాలకాలము ఆట మానవలసివచ్చెను. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యాయెను. 2024 ప్యారిస్ ఒలింపిక్సులో ఆమెకు పతకము రాలేదు. గెలుపు, దెబ్బ, ఓటమి, మూడును ఆ దారిలో నున్నవి.

రెండవ ఆమె మణిపూరు రాష్ట్రములోని మేరీ కోమ్. పొలము పని చేసికొని బ్రతుకు క్రైస్తవ కుటుంబములో పుట్టెను. మన పల్లెల బిడ్డలవలెనే చిన్నతనములో తలిదండ్రులతో కూడ పొలములో కష్టపడెను. ఆమె బాక్సింగు నేర్చుకొనుట తండ్రికి చెప్పలేదు. 2000లో రాష్ట్ర పోటీలో గెలువగా పత్రికలో ఆమె ఫొటో పడెను. అది చూచి తండ్రి తెలిసికొనెను. ముఖము చెడిన పెండ్లి కాదని ఆయనయు భయపడెను. కొంతకాలమునకు మనసు మార్చుకొని ఒప్పుకొనెను. ఆమె 2002 మొదలు 2018 వరకు ఆరుమారులు ప్రపంచ విజేత యాయెను. స్త్రీల బాక్సింగును మొట్టమొదట ఒలింపిక్సులో చేర్చిన 2012లో, లండనులో కాంస్య పతకము పొందెను.

ఇది విని పిల్లలు, “దాచిన ఆమె కూడ గెలిచినది గదా” అందురేమో. బిడ్డలారా, ఆమెను గెలిపించినది అభ్యాసము, దాచుట కాదు. తండ్రి తన కుమార్తె సంగతి పత్రికలో చదివి తెలిసికొనవలసివచ్చిన ఆ దినము ఆ యింట ఎట్లుండెనో తలంచుడి. అందరి కథయు పతకముతో ముగియదు. పతకము రాకపోయినను ఇల్లు నిలువవలెను, ఆ యింటిలో మాటకు విలువ యుండవలెను. అబద్ధము మాని ఒకనితో ఒకడు సత్యమే పలుకవలెనని పౌలు ఎఫెసీయులకు వ్రాసినది (4:25) ఇంటిలోని వారికి కూడ చెల్లును.

3. కాదను మాట వెనుకనున్న భయము

ఆ నెల నేను ఎల్‌బీ నగర్ వెళ్ళినప్పుడు గృహప్రార్థన ముగిసి అందరు వెళ్ళిన తరువాత ఆ ముగ్గురితో కూర్చుంటిని. మొదట ఆ బిడ్డతో, “అమ్మా, నీ మాట వినకుండనే నేను తీర్పు చెప్పితిని. అది నా తప్పు” అంటిని. ఆమె తల యెత్తలేదు. తరువాత తండ్రివైపు తిరిగి నేను చెప్పుమనకయే చెప్పెను.

“నాయినా, అబద్ధం చెప్పిన. పైసలు గూడ అబద్ధం చెప్పి తీసుకున్న. తప్పయింది.”

కొంతసేపటికి ఆ ఆట ఎందుకు కావలెనని నేను అడిగితిని.

“స్కూల్ల నేను వెనుక బెంచీల కూసుంటా. నా పేరు ఎవ్వరూ పిల్వరు. అక్కడ సారు మొదటి రోజే, నీ అడుగు మంచిగ పడుతున్నది అన్నడు.”

ఆ తలిదండ్రులు ఈ మాట అంతకుముందు ఎన్నడును వినలేదు. బిడ్డ కోరినది గుద్దులాట అని వారనుకొనిరి. బిడ్డకు దొరికినది తన్ను గమనించిన ఒక కన్ను.

అప్పుడు తండ్రి మాటలాడెను. పెండ్లి సంగతి చెప్పునని నేను ఎదురుచూచితిని. ఆయన చెప్పినది వేరు.

“నాలుగేండ్ల కింద నేను పనిల కట్టెల మీదికెల్లి పడ్డది నీకు యాదికున్నదా బిడ్డా? అప్పుడు మూడు దినాలు నాకు మీ అమ్మ పేరు యాదికి రాలే. ఆ సంగతి నీకు చెప్పలే, చిన్నపిల్లవని. తలకు తగిలితే ఏమైతదో నాకు ఎర్కే. అందుకే వద్దంటున్న.”

బిడ్డ లేచి వెళ్ళి తండ్రి ప్రక్కన కూర్చుండెను. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనెను. నేను ఏమియు చెప్పలేదు, చెప్పుటకు ఏమియు లేకుండెను.

తలిదండ్రులారా, మనము వద్దనునప్పుడు ఆ మాట వెనుక తరచుగా ఒక భయముండును. ఆ భయమును బిడ్డకు చెప్పము, ఒట్టి “వద్దు” మాత్రమే చెప్పుదుము. అప్పుడు బిడ్డకు వినబడునది మన ప్రేమ కాదు, మన కోపము. పిల్లలకు కోపము రేపవద్దని అపొస్తలుడు తండ్రులకే వ్రాసెను (ఎఫెసీ 6:4). వారు ధైర్యము కోల్పోవుదురేమో అనియు మరియొక చోట కారణము చెప్పెను (కొలస్సీ 3:21). తలిదండ్రులకు విధేయులై యుండవలెనని పిల్లలకును, వారిని విసిగింపవద్దని తండ్రులకును ఒకే అధ్యాయములో ఒకే చేతితో వ్రాయబడినది. మనకు అనుకూలమైన సగము మాత్రమే గోడకు వ్రేలాడదీయరాదు.

4. హద్దులతో కూడిన సెలవు

సెలోపెహాదు కుమార్తెల కథ ఇరువదియేడవ అధ్యాయముతో ముగియలేదు. ముప్పదియారవ అధ్యాయములో వారి గోత్రపు పెద్దలు వచ్చి తమ చింత తెలిపిరి. ఈ కుమార్తెలు వేరు గోత్రమువారిని పెండ్లాడినయెడల భూమి గోత్రము దాటిపోవునని వారి భయము. ఆ మాటయు న్యాయమేనని ఒప్పుకొనబడెను. భాగము తీసివేయబడలేదు, దానికి ఒక హద్దు ఏర్పడెను. ఆ కుమార్తెలు ఆ హద్దును అంగీకరించి దాని ప్రకారము చేసిరి. బిడ్డల కోరికయు వినబడెను, పెద్దల భయమును వినబడెను. ఈ రెండును కలిసినప్పుడే ఇంటిలో సమాధానము.

ఆ కుటుంబము చేసికొన్న ఒప్పందము ఇట్లుండెను. ఒక నెల బిడ్డ ఆటకు వెళ్ళరాదు. ఆ నెలలో బడి విడిచిన తరువాత తాను ఎక్కడ నున్నదో దినదినము ఇంటిలో చెప్పవలెను. తీసికొన్న సొమ్మునకు బదులుగా తల్లి పనికి వెళ్ళు వేళ ఇంటి వంటలో చేయి వేయవలెను. నెల గడచిన తరువాత తండ్రి స్వయముగా వెళ్ళి ఆ స్థలమును, నేర్పువారిని చూచి రావలెను. బిడ్డ ఆ నెల తప్పకుండ గడిపెను. ఇరువదవ దినమున వాన వచ్చి ఆలస్యమైనప్పుడు పొరుగువారి ఫోనునుండి తల్లికి చెప్పినదట. తల్లి నాతో ఈ సంగతి రెండుమారులు చెప్పెను.

తండ్రి వెళ్ళి మూడు ప్రశ్నలడిగెను. ఎదుటివారితో పోరాడుట ఎప్పుడు మొదలుపెట్టుదురు? తలకు రక్షణ ఏమి? ఆడపిల్లలు ఎందరు, వారిని చూచుకొనువారెవరు? పిల్లలను ఏ ఆటలో చేర్చినను ఈ విధమైన ప్రశ్నలు అడుగుట తలిదండ్రుల ధర్మము. మంచి శిక్షకుడు వీటికి కోపపడడు. బాక్సింగులో క్రొత్తవారిని వెంటనే పోరుకు దింపరాదు. మొదట నిలుచుట, అడుగు వేయుట, తాడు గెంతుట, తన్ను కాచుకొనుట నేర్పవలెను. తరువాత వయసును బరువును సరిచూచియే జతపరచవలెను. తలకు రక్షణ టోపీ, పండ్లకు కవచము లేకుండ పిల్లలను దింపరాదు. ఇవన్నియు ఉన్నను అపాయము లేదని చెప్పుట అబద్ధమగును. తలకు దెబ్బ తగిలిన తరువాత తల తిరిగినను, వాంతియైనను, మాట తడబడినను ఆట అంతటితో ఆపి వైద్యునికి చూపింపవలెను. ఆయన సరేయను వరకు తిరిగి దిగరాదు. దీనిని దాచు బిడ్డ ధైర్యవంతురాలు కాదు, అవివేకి.

తండ్రి ఆ సాయంకాలము గంటసేపు గోడ ప్రక్కన నిలువబడి చూచి వచ్చి నాకు ఫోను చేసెను. “అయ్యగారూ, గంట సేపు ఉత్తగ నిలబడుడే నేర్పిండ్రు. పునాది లేకుంట గోడ లేపరు వీళ్ళు” అనెను. మేస్త్రికి మేస్త్రి భాషలో సమాధానము దొరికినది. ఆయన ఆరు నెలలకు మాత్రమే సెలవిచ్చెను. ఆ తరువాత మరల కూర్చుండి మాటలాడవలెనని ఏర్పాటు.

5. ఎవరి కొరకు ఈ పందెము?

కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పోటీలు జరుగుచుండెను. ఆ ఊరివారికి పరుగును, ముష్టియుద్ధమును బాగుగ తెలియును. అందుచేతనే పౌలు వారికి ఆత్మసంబంధమైన పాఠమును ఆ ఆటల మాటలతో నేర్పెను. తాను గురిలేనివానివలె పరుగెత్తననియు, గాలిని కొట్టువానివలె పోరాడననియు వ్రాసెను. ఆటగాడు పొందునది వాడిపోవు ఆకుల కిరీటము. దానికే అతడు అన్ని విషయములలో మితముగ నుండును. మనము వాడని కిరీటమును కోరువారము గనుక మరి యెంత జాగ్రత్త కావలెను! శరీర సాధకము ప్రయోజనము లేనిదని పౌలు అనలేదు, దాని ప్రయోజనము కొద్దిది అనెను (1 తిమోతి 4:8). కొద్దిదానికి కొద్ది స్థలమియ్యవలెను, పెద్దదానికి పెద్ద స్థలమియ్యవలెను.

ఈ విషయమై ఎరిక్ లిడెల్ అను స్కాట్లండు క్రీడాకారుని జ్ఞాపకము చేసికొందము. ఆయన చైనాలో మిషనెరీ తలిదండ్రులకు పుట్టినవాడు. 1924 ప్యారిస్ ఒలింపిక్సులో నూరు మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారము రాగా ఆయన దానిలో పరుగెత్తలేదు. వేరు దినమున జరిగిన నాలుగువందల మీటర్ల పరుగులో 47.6 సెకండ్లలో మొదటివాడుగా వచ్చెను. మరుసటి సంవత్సరమే చైనాకు సేవకు వెళ్ళెను. 1945లో అక్కడ నిర్బంధ శిబిరములో ప్రభువునందు నిద్రించెను. పిల్లలకు ఆటల పోటీలు ఆదివారములలోనే ఎక్కువగ పెట్టుచున్న ఈ కాలములో, ఏ దినమున ఆడుదుము, ఏ దినమున ఆడము అనునది ముందుగానే ఇంటిలో మాటలాడుకొనవలెను. పోటీ ముందురాత్రి మొదలుపెట్టిన మాట జగడముగ మారును.

పిల్లలకు నాలుగు మాటలు

ఒకటి: దాచకుడి. కనుగొనబడక ముందే మీ నోటనే చెప్పుడి.
రెండు: అమ్మానాన్నల భయమేమో అడిగి తెలిసికొనుడి. ఆ భయమునకు జవాబు వెదకి తెచ్చుడి.
మూడు: చిన్న మాట నిలుపుకొనుడి. చెప్పిన వేళకు ఇంటికి చేరు బిడ్డను పెద్ద విషయములో నమ్ముట సులభము.
నాలుగు: కొద్ది కాలమునకే సెలవడుగుడి. హద్దును అవమానముగ తలంపకుడి. అప్పటికిని వద్దనిన యెడల గౌరవముతో ఆగుడి. ప్రభువైన యేసు పండ్రెండేండ్ల ప్రాయమున తన్ను గ్రహింపలేకపోయిన తలిదండ్రులతో కూడ నజరేతునకు వెళ్ళి వారికి లోబడియుండెను (లూకా 2:50, 51).

గత నెల నేను వెళ్ళినప్పుడు తల్లి నాతో, “ఆ ఆట నాకిప్పటికీ ఇష్టం లేదు అయ్యగారూ. కాని నా బిడ్డ యాడికి పోతున్నదో నాకు తెలుసు” అనెను. ఆరు నెలలు ఇంకను నిండలేదు. ఆ బిడ్డ ఏ పోటీలోను ఇంతవరకు దిగలేదు, ఎప్పుడైనను గెలుచునో లేదో దేవునికే యెరుక. మేము ప్రార్థనకు కూర్చుండుచుండగా ఆమె లోపలికి వచ్చి చేతి పట్టీలను అందరు చూచుచుండగనే తలుపు ప్రక్కన తీగె మీద ఆరవేసెను.

కుటుంబ ఆరాధనలో చర్చకు ప్రశ్నలు

1. సెలోపెహాదు కుమార్తెలు తమ కోరికను ఎవరి యెదుట, ఏ విధముగ తెలిపిరి?
2. మోషే వెంటనే జవాబియ్యకపోవుటలో తలిదండ్రులకును, సంఘ పెద్దలకును, పాదిరులకును ఏమి పాఠమున్నది?
3. మీ బిడ్డకు మీరు ఇటీవల వద్దనిన సంగతి ఏది? దాని వెనుకనున్న భయమును బిడ్డకు చెప్పితిరా?
4. పిల్లలారా, మీ తలిదండ్రులకు తెలియని మీ సంగతి ఏదైన నున్నదా? ఈ వారమే చెప్పగలరా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డల మాట పూర్తిగ వినకముందే తీర్పు చెప్పిన మా తొందరను క్షమించుము. మా భయములను కోపముగ మార్చక, ప్రేమతో తెలుపుటకు మాకు నోరిమ్ము. మా బిడ్డలకు సత్యము పలుకు ధైర్యమును, హద్దును అంగీకరించు వినయమును దయచేయుము. పట్టణములలో కష్టపడుచున్న మా కుటుంబములను, వారి పిల్లల అడుగులను నీవే కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.